ముగ్గు ఏజెంటుది... మేస్త్రి ఎవరు?

ఇల్లు కట్టేచోట ముందుగా దిగేది ఇటుకల లారీ కాదు. మేస్త్రి వస్తాడు. టేపు పట్టి కొలుస్తాడు, దారం కట్టి ముగ్గు పోస్తాడు. గోడ ఎక్కడొస్తుందో, గుమ్మం ఎటువైపో అప్పుడే తేలిపోతుంది. ముగ్గు తప్పితే కాలితో చెరిపేసి మళ్లీ పోసుకోవచ్చు. గోడ లేచాక తప్పు బయటపడితే మాత్రం గునపం పట్టాల్సిందే!

సాఫ్ట్‌వేర్‌లోనూ ఇదే వరస. ఒక వెబ్‌సైట్‌కో యాప్‌కో కొత్త సదుపాయం... వాళ్ల భాషలో ‘ఫీచర్’ చేర్చాలనుకోండి. వెంటనే కూర్చుని కోడ్ రాసెయ్యరు. పనిని చిన్నచిన్న ముక్కలుగా విడగొడతారు. ఏది ముందు, ఏది తర్వాత, ఏ ఫైల్లో ఏం మారాలి, సరిగ్గా వచ్చిందో లేదో ఎలా తేల్చుకోవాలి... ఇవన్నీ రాసుకుంటారు. దాని పేరే ‘ఇంప్లిమెంటేషన్ ప్లాన్’. మొన్నమొన్నటిదాకా అది అనుభవం పండిన ఇంజినీర్ల పని. ఇప్పుడు ఆ ముగ్గు పోయడానికి కృత్రిమ మేధ ఏజెంట్లు వచ్చేశాయి. పూటంతా పట్టే పనిని నిమిషాల్లో కాగితం మీద పెట్టేస్తున్నాయి.

అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పి ఊరుకుంటే అది చాట్‌బాట్. ఏజెంటు అలా కాదు. చెప్పిన పని కోసం తనే ఫైళ్లు తెరుస్తుంది, వెతుకుతుంది, ప్రోగ్రాం నడిపి చూస్తుంది, ఫలితాన్ని బట్టి తర్వాతి అడుగు వేస్తుంది. బాగానే ఉంది. మరి అది పోసిన ముగ్గుని నమ్మి పునాది తవ్వేయొచ్చా?

బొల్లారంలో ఓ టికెట్టు

సికింద్రాబాద్ బొల్లారంలోని రాష్ట్రపతి నిలయాన్నే ఉదాహరణగా తీసుకుందాం. 1860 నాటి ఈ భవనాన్ని ఒకప్పుడు ఏడాదిలో కొద్దిరోజులే జనానికి చూపించేవారు. 2023 ఉగాది రోజున, అంటే మార్చి 22న, రాష్ట్రపతి ద్రౌపది ముర్ము దీన్ని సామాన్యుల సందర్శనకు ప్రారంభించారు. ఆన్‌లైన్లో తేదీ, సమయం ఎంచుకుని వెళ్లొచ్చు. సోమవారం సెలవు. రాష్ట్రపతి విడిదికి వచ్చినప్పుడు సందర్శన ఆపేస్తారు.

ఇలాంటి బుకింగ్ సైట్ ఒకటి ఉందనీ, దానికో కొత్త ఫీచర్ కావాలన్నారనీ ఊహించండి. అడిగింది ఒక్క వాక్యమే: ‘టికెట్ తీసుకున్న కుటుంబం తేదీ మార్చుకునే వీలుండాలి.’

ఏజెంటు ముందు సైటు కోడంతా చదువుతుంది. బుకింగులు ఎక్కడ దాస్తున్నారు, సందేశాలు ఎక్కడినుంచి వెళుతున్నాయి చూసుకుంటుంది. ఆపైన ప్లాన్ రాస్తుంది. ఒకటి, డేటాబేస్‌లో పాత తేదీ, కొత్త తేదీ నమోదుకు చోటు కల్పించాలి. రెండు, కొత్త తేదీన ఖాళీలున్నాయో లేదో చూడాలి. మూడు, పాత చోటుని వదిలిపెట్టి కొత్తది ఇవ్వాలి. నాలుగు, తెర మీద ‘తేదీ మార్చు’ బటన్ పెట్టాలి. అయిదు, కొత్త టికెట్ పంపాలి. ఆరు, అన్నీ పరీక్షించాలి.

చూడ్డానికి ముచ్చటగా ఉంది కదూ! కానీ చేయి తిరిగిన ఇంజినీరు ఈ కాగితం చూడగానే పెన్ను తీస్తాడు. సోమవారానికి మార్చుకోమంటే? రాష్ట్రపతి విడిది చేసే రోజుల జాబితా కోడ్‌లో లేదు, మరి దాన్ని ఎక్కణ్నుంచి తేవాలి? ఆరుగురి కుటుంబంలో నలుగురే తేదీ మార్చుకుంటామంటే? మిగిలిన ఒక్క చోటు కోసం రెండు కుటుంబాలు ఒకే క్షణంలో బటన్ నొక్కితే? పాత టికెట్ ప్రింటు తీసుకుని గేటు దగ్గరికొస్తే అక్కడి సిబ్బందికి అది చెల్లదని ఎలా తెలుస్తుంది?

అన్నిటికన్నా పెద్ద చిక్కు మూడో అడుగులో ఉంది. పాత చోటు వదిలేశాక కొత్తది దొరక్కపోతే ఆ కుటుంబానికి అదీ లేదు, ఇదీ లేదు. రెంటికీ చెడ్డ రేవడి అన్నమాట! కాబట్టి ముందు కొత్తది ఖాయం చేసి, ఆ తర్వాతే పాతది వదలాలి. ప్లాన్ దశలో ఈ తప్పు దిద్దడానికి ఒక్క గీత చాలు. కోడ్ రాసేశాక పట్టుబడితే పది ఫైళ్లు తిరగరాయాలి. జనం చేతికి వెళ్లాక పట్టుబడితే... గేటు బయట పిల్లాపాపలతో నిలబడ్డ కుటుంబానికి జవాబు చెప్పుకోవాలి.

మన సుబ్బారావుగారి మాట

‘యంత్రం ప్లాన్ వేయగలదా’ అన్న ప్రశ్న మీదే దశాబ్దాలుగా పనిచేస్తున్న తెలుగువాడు ఒకాయన ఉన్నారు. పేరు కంభంపాటి సుబ్బారావు. ఐఐటీ మద్రాసులో చదివి, అమెరికా వెళ్లి, అరిజోనా స్టేట్ యూనివర్సిటీలో ప్రొఫెసర్ అయ్యారు. కృత్రిమ మేధ శాస్త్రజ్ఞుల ప్రముఖ సంఘం ఏఏఏఐకి 2016 నుంచి 2018 దాకా అధ్యక్షుడిగా పనిచేశారు.

చాట్‌జీపీటీ హోరు మొదలయ్యాక ఆయన బృందం ఈ మోడళ్లకు ఓ పరీక్ష పెట్టింది. అందులో ఒకటి చిన్నపిల్లల ఆటలాంటిది. బల్ల మీద కొన్ని దిమ్మలుంటాయి. ఒకసారికి ఒక్కటే కదుపుతూ, చెప్పిన వరసలో పేర్చాలి. అడుగులు రాసివ్వడమే పని. ఇలాంటి రకరకాల లెక్కలు ఇచ్చి చూస్తే, అప్పటికి మేటి అనిపించుకున్న జీపీటీ-4 సొంతంగా వేసిన ప్లాన్లలో సగటున నూటికి సుమారు 12 మాత్రమే పనికొచ్చాయని 2023లో ప్రకటించారు. దిమ్మల ఆటని అలాగే ఉంచి మాటలు మాత్రం మార్చేస్తే ఫలితం మరీ దిగజారింది. అంటే ఆలోచించి కాదు, ఎక్కడో చదివిన పోలికతో నెట్టుకొస్తోందన్నమాట!

తర్వాత మోడళ్లు బాగా మెరుగుపడ్డాయి. 2024లో వచ్చిన ఓ1 అనే మోడల్ మామూలు దిమ్మల ఆటని నూటికి 97 పైగా సరిగ్గా చేసింది. మాటలు మార్చిన ఆటలో మాత్రం సగం దగ్గరే ఆగింది. ఆ విషయాన్నీ ఆ బృందమే ప్రకటించింది. సుబ్బారావుగారు వాటిని పక్కన పడేయమనడం లేదు. ఆలోచనలు పుట్టించే పని యంత్రానికివ్వండి, అవి నిలుస్తాయో లేదో తేల్చే పరీక్షకుణ్ని బయట విడిగా పెట్టండి అంటారు. 2024లో ఆయన బృందం ప్రతిపాదించిన పద్ధతి సారాంశం ఇదే. పరీక్షలో జవాబులు రాసినవాడి చేతికే దిద్దమని ఇవ్వకూడదు కదా మరి!

కంపెనీలదీ అదే దారి

ఏజెంట్లు తయారుచేసే కంపెనీలు కూడా చివరికి ఈ దారికే వచ్చాయి. 2025 జులైలో అమెజాన్ తెచ్చిన ‘కిరో’ని స్పెక్ పద్ధతిలో వాడితే నేరుగా కోడ్ రాయదు. ముందు ఏం కావాలో ఒక పత్రం, ఎలా కట్టాలో మరో పత్రం, పనుల జాబితా ఇంకోటి... ఇలా మూడు తయారుచేసి మనిషి ముందు పెడుతుంది. అదే ఏడాది సెప్టెంబరులో గిట్‌హబ్ విడుదల చేసిన ‘స్పెక్ కిట్’ వరసా ఇలాంటిదే. ఆంత్రోపిక్ వారి ‘క్లాడ్ కోడ్’లో ప్లాన్ మోడ్ పెడితే అది ఫైళ్లు చదువుతుందే తప్ప వేలు పెట్టదు. యజమాని సరేనన్నాకే పని మొదలు.

ఇంత హడావుడి ఎందుకంటే... వేగం కళ్లను మోసం చేస్తుంది కాబట్టి. 2025లో అమెరికా సంస్థ ఎంఈటీఆర్ 16 మంది ఆరితేరిన ప్రోగ్రామర్లకు, వాళ్లకు బాగా అలవాటైన ప్రాజెక్టుల్లోనే 246 పనులు అప్పగించి చూసింది. ఏఐ సాయం తీసుకున్న పనులకు 19 శాతం ఎక్కువ సమయం పట్టింది. వాళ్లు మాత్రం 20 శాతం త్వరగా ముగించామనే అనుకున్నారు! ఆ తర్వాత పనిముట్లు మారాయి. ‘త్వరగా అయిపోయిందనిపించడం’ వేరు, నిజంగా అవడం వేరన్న పాఠం మాత్రం మిగిలింది.

అసలు కోడ్ రాయడం ఎప్పుడూ పెద్దపని కాదు. ఐబీఎంలో భారీ ప్రాజెక్టు నడిపిన ఫ్రెడ్ బ్రూక్స్ 1975లోనే తన పుస్తకంలో లెక్క చెప్పారు. మొత్తం సమయంలో మూడో వంతు ప్లానింగ్‌కి, సగం పరీక్షలకి. కోడింగ్‌కి పోయేది ఆరో వంతే!

మరి మన పిల్లల సంగతి?

ఇంజినీరింగ్ చదివే పిల్లలున్న ఇళ్లలో ఇప్పుడు వినిపించే భయం ఇదే. అమీర్‌పేటలో కోర్సు చేసి, కోడింగ్ నేర్చుకుని ఉద్యోగంలో చేరడం ఇన్నాళ్లూ తెలిసిన దారి. చేరిన కొత్తలో సీనియర్లు విడగొట్టి ఇచ్చిన చిన్న ముక్కలు చేస్తూ చేస్తూనే పెద్దపనిని ఎలా విడగొట్టాలో ఒంటబట్టేది. ఇప్పుడు విడగొట్టేదీ ఏజెంటే, ముక్కలు చేసేదీ ఏజెంటే అయితే కుర్రాడు నేర్చుకునేది ఎక్కడ?

ఈ ప్రశ్నకు తేలికైన జవాబు లేదు. చేతిలో ఉన్నది ఒక్కటే... ప్లాన్‌ని చదవడం నేర్చుకోవడం.

* ఏజెంటుని అడిగేముందే సొంతంగా ఓ ప్లాన్ కాగితం మీద రాసుకోవాలి. తర్వాత రెండూ పక్కపక్కన పెట్టి చూడాలి. తేడా ఉన్నచోటే పాఠం ఉంటుంది.
* ‘ప్లాన్ వెయ్యి’ అనేముందు ‘నీకున్న సందేహాలేమిటో అడుగు’ అనాలి. ప్రశ్నలడగని ఏజెంటు ఊహించుకుని రాస్తుంది.
* ప్రతి అడుగు పక్కనా ‘ఇది అయిందని ఎలా తెలుస్తుంది’ అన్న ప్రశ్న వేయాలి. జవాబు లేని అడుగు ఇంకా ప్లాన్ కాలేదని అర్థం.
* ఒక్కో అడుగు విడిగా చేసి, విడిగా పరీక్షించేంత చిన్నదిగా ఉండాలి. మధ్యలో ఏదైనా విరిగితే వెనక్కి వచ్చే దారీ రాసి ఉండాలి.
* కోడ్‌లో కనిపించని నిజాల కోసం ఆ పని చేసే మనుషుల్ని అడగాలి. కౌంటర్లో కూర్చునేవారికి, గేటు దగ్గర నిలబడేవారికి తెలిసినంత ఏ ఫైల్లోనూ ఉండదు.

ప్లాన్ రాయడానికి ఏజెంటుకు అయిదు నిమిషాలు చాలు. దాని కింద ‘సరే’ అని రాసే మనిషికి మాత్రం సోమవారం సెలవన్న సంగతి తెలిసుండాలి.