పాట మోగింది... పాఠం ఎందుకు మోగలేదు?

ఆదివారం కోచింగ్‌లో నాలుగు గంటల రివిజన్ క్లాసు. సార్‌ను అడిగి మొత్తం రికార్డు చేసుకున్నారు. వారంలో పరీక్ష. ఫోన్ చేతిలో ఉంటే పాఠం కాస్తా రీల్స్ దారి పడుతుందని, ఆ ఫైల్‌ను చిన్న మ్యూజిక్ ప్లేయర్‌లో వేసుకుని బస్సెక్కారు. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని బటన్ నొక్కితే... నిశ్శబ్దం! అదే కార్డులోని పాటలు మాత్రం హాయిగా మోగుతున్నాయి.

ఇలాంటప్పుడు మనం రెండు మాటల్లో ఒకటి అనేస్తాం. 'ప్లేయర్ పాడైంది' లేదా 'ఫైల్ మరీ పెద్దది'. పాటలు మోగుతున్నాయి కాబట్టి మొదటిది నిజం కాదు. రెండోది సగమే నిజం. ఎంత పెద్దది? దేనికి పెద్దది? ఈ రెండు ప్రశ్నలూ వేసుకునే అలవాటు మీకుంటే ఆ పాఠం వినగలరు. రేపు ఇంటర్వ్యూలో కూడా అదే మిమ్మల్ని పది మందిలో నిలబెడుతుంది.

ముందు లెక్క చూద్దాం. సీడీ నాణ్యతతో వేవ్ ఫార్మాట్‌లో రికార్డు చేస్తే సెకనుకు 44,100 నమూనాలు. ఒక్కో నమూనాకు రెండు బైట్లు. కుడి, ఎడమ కలిపి రెండు ఛానెళ్లు. గుణిస్తే సెకనుకు 1,76,400 బైట్లు. నాలుగు గంటలంటే 14,400 సెకన్లు. మీ పాఠం బరువు సుమారు 254 కోట్ల బైట్లన్నమాట. అదే 128 కిలోబిట్ల ఎంపీ3 అయితే 23 కోట్లే. పాఠం ఒకటే, బరువులో పదకొండు రెట్ల తేడా.

ఇక దేనికి పెద్దది? ఇక్కడ అడ్డుగోడ ఒక్కటే ఉండదు.

మొదటిది కార్డు. చాలా ప్లేయర్లు చదివేది ఫ్యాట్32 పద్ధతిలో ఫార్మాట్ చేసిన కార్డులనే. అందులో ఒక్కో ఫైల్ 4 జీబీ లోపే ఉండాలి. కార్డులో 20 జీబీ ఖాళీ ఉన్నా అంతకుమించిన ఫైల్‌ను కాపీ కానివ్వదు. కారణం సులువే. ఫైల్ సైజు రాయడానికి ఆ పద్ధతిలో ఇచ్చిన గడి 32 బిట్లది. అందులో పట్టే అతిపెద్ద సంఖ్య సుమారు 429 కోట్లు. వేవ్ ఫైల్ తన సైజును తనలో రాసుకునే గడీ అంతే.

రెండోది ప్లేయర్‌లోని సాఫ్ట్‌వేర్. మీ 254 కోట్ల ఫైల్ కార్డులోకి నిక్షేపంగా చేరింది. కానీ ప్రోగ్రామ్ రాసినవారు ఆ 32 బిట్లలో ఒకదాన్ని ప్లస్, మైనస్ గుర్తుకు వాడి ఉంటే, లెక్క 214 కోట్ల దగ్గరే ఆగిపోతుంది. అది దాటగానే సంఖ్య తిరగబడుతుంది. మీ పాఠం సైజు ఆ ప్లేయర్‌కు మైనస్ 175 కోట్లుగా కనిపిస్తుంది. పాపం, మైనస్ సైజు ఉన్న ఫైల్‌ను అదెలా వినిపిస్తుంది?

మూడోది ఫైల్ రకం. పేరు చివర వేవ్ తీసేసి ఎంపీ3 అని రాస్తే ఫైల్ మారిపోదు. సంచి మీద పేరు మార్చితే లోపలి బియ్యం గోధుమలు అవుతాయా? అలాగే 24 బిట్లతో చేసిన రికార్డింగ్‌ను కొన్ని ప్లేయర్లు అసలు చదవలేవు.

కాబట్టి వరుసగా చూడండి. కాపీయే కాలేదా? కార్డు ఫార్మాట్ చూడాలి. కాపీ అయినా మోగడం లేదా? సైజు, ఫైల్ రకం చూడాలి. మోగుతోంది గానీ నిడివి తప్పు చూపిస్తోందా? బిట్‌రేట్ మారుతూ ఉండే ఎంపీ3 అయి ఉండొచ్చు. ఆడాసిటీ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ఒకే ఛానెల్, 64 కిలోబిట్ల స్థిర బిట్‌రేట్ ఎంపీ3గా మార్చి, అరగంట చొప్పున ఎనిమిది ముక్కలు చేయండి. ఒక్కోటి 14 ఎంబీ చిల్లర. మాట వినడానికి ఆ నాణ్యత చాలు.

'నాది బీకాం, ఇదంతా నాకెందుకు?' అనకండి. ఇందులో గుణకారం తప్ప ఏముంది? టెక్నికల్ సపోర్టు, టెస్టింగ్ ఉద్యోగాల ఇంటర్వ్యూల్లో ఇలాంటి ప్రశ్నలు మామూలే. 'ఫైల్ తెరుచుకోవడం లేదని కస్టమర్ ఫోన్ చేశారు, ఏం చేస్తారు?' అని అడిగితే, 'రీస్టార్ట్ చేయమంటాను' అనే అభ్యర్థులు బోలెడు మంది. 'చిన్న ఫైల్ తెరుచుకుంటోందా అని ముందు అడుగుతాను' అన్నవారి వైపే ప్యానెల్ తల తిప్పి చూస్తుంది.

ఇది ప్లేయర్‌తో ఆగే సంగతీ కాదు. 1996 జూన్ 4న ఐరోపా ఆరియాన్ 5 రాకెట్ తొలి ప్రయోగంలో సుమారు 40 సెకన్లకే పేలిపోయింది. 64 బిట్ల సంఖ్యను 16 బిట్ల గడిలోకి మార్చబోతే పట్టకపోవడమే ఆ ప్రమాదానికి మూలం. కాలాన్ని 32 బిట్లలో సెకన్లుగా లెక్కించే పాత వ్యవస్థలకు 2038 జనవరి 19న ఇదే చిక్కు ఎదురవుతుంది. వాటిని సరిదిద్దాల్సింది మీ తరమే.

మన కాలేజీల్లో ల్యాబ్ అంటే సీనియర్ల రికార్డు చూసి రాయడంగా మారింది. వచ్చే జవాబు ముందే తెలిసినప్పుడు కారణం వెతికే అవసరమే రాదు. ఆ లోటు మీరే పూడ్చుకోవాలి. ఈసారి ఇంట్లో ఏదైనా పనిచేయకపోతే 'పాడైంది' అనే ముందు కాగితం తీసుకోండి. ఏది పనిచేస్తోంది, ఏది చేయడం లేదు, రెండింటికీ తేడా ఏమిటి... మూడు వరుసలు రాయండి. రేపు ఇంటర్వ్యూలో మీ గురించి చెప్పమన్నప్పుడు, ఆ కాగితంలోనే మీకో మంచి జవాబు దొరుకుతుంది.