వేసవిలో ఏ భాష నేర్వవలెను?

వార్షిక పరీక్షలు ముగియుటయే తడవు, మా విద్యార్థుల చేతులలో భాషా శిక్షణాలయముల ప్రకటన పత్రములు కనబడుచుండును. ఆరు వారములలో జర్మను భాష, నలుబది దినములలో ఫ్రెంచి, ముప్పది దినములలో ధారాళమైన ఇంగ్లీషు! సెలవులలో ఒక భాష నేర్వవలెనను కోరిక మెచ్చదగినదే. ఏ భాష, ఎందులకు అను ప్రశ్నలు మాత్రము రుసుము చెల్లించిన పిదప పుట్టుచున్నవి.

జూన్ మాసమున బడి తెరచిన తరువాత ఏ భాషలో మాటలాడుటకు మనుష్యులు దొరకుదురో, ఆ భాషనే వేసవిలో ఆరంభింపవలెనని మా యభిప్రాయము. ఆరేడు వారములలో ఏ భాషయు వశము కాదు. చార్లెస్ ఫిలిప్ బ్రౌను దొర 1817లో చెన్నపట్టణమున తెలుగు ఆరంభించెను. ఆయన చదువు బడితోనే ముగిసియుండినచో నేడాయన పేరు మన మెఱుగము. 1820లో కడపకు పోయి, నలుదెసల తెలుగే వినబడు చోట నివసించెను. ఆయన నిఘంటువు 1852లో గాని వెలువడలేదు.

ఈ దృష్టితో చూచినచో ఇందూరు, బోధను ప్రాంతముల పిల్లలు భాగ్యవంతులు. బడిలో హిందీ చదివినవారు ఉర్దూ సంభాషణము చాలవరకు వినగనే గ్రహింతురు. కొఱవడినది లిపి యొక్కటే. దానిని ఒక వేసవిలో నేర్వవచ్చును. కుడినుండి యెడమకు వ్రాయుటయు, పదములో స్థానమునుబట్టి అక్షరము రూపు మార్చుకొనుటయు మొదటి పదిదినములు విసుగు పుట్టించును. పిదప అంగళ్ల మీది పలకలు చదువవచ్చును. 2017లో ఉర్దూ తెలంగాణ మంతటికిని రెండవ అధికార భాష యైనది. నిజాము కాలపు భూమి పత్రము ఇంటి పెట్టెలో నుండగా, అందేమున్నదో పరులవలన తెలిసికొనవలసిన కుటుంబములు మన జిల్లాలో కలవు. ఆ గొలుసుకట్టు వ్రాత ఒక్క వేసవికి లొంగదు గాని, అక్షరములు రానివానికి ఎన్నటికిని లొంగదు. ఈ లిపి అరబ్బీ లిపినుండి పారసీకము ద్వారా వచ్చినదగుటచే, తండ్రియో అన్నయో గల్ఫు దేశములలో నున్న పిల్లలకు అరబ్బీ అక్షరములును పరిచితము లగును.

మరాఠీ విషయము దీనికి తలక్రిందులు. లిపి హిందీ చదివినవారు ఎఱిగినదే, చెవి యలవడవలెను. సాలూర కావల మంజీర వంతెన దాటినచో మహారాష్ట్రమే గదా!

జర్మను భాష వలదని మేము చెప్పము. హైదరాబాదులో ఆ భాషను చక్కగా బోధించుచున్నారు. అయితే ఐరోపా భాషల జ్ఞానమును ఆరు మెట్లుగా కొలుతురు. వేసవి తరగతిలో ఎక్కునది మొదటిదాని యంతయో, కొంతయో. అక్కడ నర్సు కాగోరువారికి సాధారణముగ నాలుగవ మెట్టు కావలెను. తక్కిన మెట్లు ఎక్కడ, ఎంత వ్యయముతో ఎక్కుదురో ముందే లెక్క వేసికొనవలెను. శక్కర్‌నగరు చక్కెర కర్మాగారము 2015లో మూతపడిన పిదప, నెలజీతము పోయిన ఇండ్లకు ఆ సొమ్ము తేలిక కాదు.

ధ్రువపత్రము ఎట్టి అట్టపై నిత్తురని అడుగు తండ్రులను చూచితిమి. తరగతిలో ఎందరుందురని అడిగినవారు అరుదు. నలుబదిమందికి గంట పాఠమైనచో, ఉపాధ్యాయుడు నోరు మెదపకున్నను ఒక్కొక్కనికి మాటలాడ దొరకునది నిమిషమున్నర. కావున తలిదండ్రులారా, రుసుము కట్టుటకు ముందు బిడ్డను ఒక దినము తరగతిలో కూర్చుండనిమ్మని యడుగుడు. అందుకు ఒప్పుకొననిచో, మీ వీధిలో ఉర్దూ చదువనేర్చిన పెద్ద లెవరైన నున్నారేమో విచారింపుడు.