పిన్ను పట్టిందని మురిసిపోకండి!

అన్నయ్య ఇంజినీరింగులో వాడిన ల్యాప్‌టాప్ చెల్లెలి చేతికొచ్చింది. పని బాగానే చేస్తోంది. చార్జరు వైరే, పిన్ను దగ్గర తొక్క ఊడి రాగి తీగ బయటపడింది. టేపు చుట్టి ఎన్నాళ్లు నెట్టుకొస్తారు? కొత్తది కొనాల్సిందే. దుకాణంలో అడిగితే 'పిన్ను పట్టిందిగా, తీసుకెళ్లండి' అనేస్తారు. అసలు చిక్కంతా అక్కడే.

పాత చార్జరును అప్పుడే పారేయకండి. దాని వీపు మీది సన్నక్షరాల్లోనే మనకు కావలసిందంతా ఉంది. అవుట్‌పుట్ అన్నచోట 19.5 వోల్టులు, 3.34 ఆంపియర్లు అని ఉందనుకోండి. రెండూ గుణిస్తే 65 వాట్లు. కొత్తదాని మీద కూడా వోల్టులు అంతే ఉండాలి. ఇంట్లో మూలన పడున్న ప్రింటరు అడాప్టరు పిన్ను పట్టిందని గుచ్చేశారో, కొంప మునుగుతుంది. వాటిలో 32 వోల్టులవీ ఉంటాయి మరి! చార్జరు మీద అక్షరాలు చెరిగిపోతే ల్యాప్‌టాప్ తిరగేసి అడుగున చూడండి.

ఆంపియర్ల సంగతి వేరు. ఎక్కువైతే కాలిపోతుందేమోనని చాలామంది భయం. అక్కర్లేదు. ల్యాప్‌టాప్ తనకు కావలసినంతే తీసుకుంటుంది. వోల్టులు ఒకటే అయితే 65 వాట్ల చోట 90 వాట్లది నిక్షేపంగా వాడొచ్చు. తక్కువైతేనే తంటా. శక్తికి మించి లాగలేక అడాప్టరు వేడెక్కిపోతుంది.

డెల్, హెచ్‌పీ పాత మోడళ్లు చాలావాటితో ఇంకో మెలిక. పిన్ను నడుమ సూదిలాంటిది కనిపిస్తుంది. తనెన్ని వాట్లదో చార్జరు ల్యాప్‌టాప్‌కు చెప్పుకునేది దాని ద్వారానే. నాసిరకం వాటిలో ఆ కబురు అందదు. డెల్ అయితే అడాప్టరు ఏ రకమో తెలియడం లేదని తెర మీద చూపిస్తుంది. ల్యాప్‌టాప్ నడుస్తుంది గానీ బ్యాటరీ చార్జింగ్ ఎక్కదు. పాపం, బ్యాటరీ పోయిందనుకుని దాన్నీ కొనేసేవాళ్లున్నారు! కాబట్టి ల్యాప్‌టాప్‌ను దుకాణానికి వెంట తీసుకెళ్లండి. చార్జింగ్ శాతం పెరుగుతోందో లేదో పది నిమిషాలు అక్కడే కూర్చుని చూడండి. దుకాణదారు విసుక్కుంటే విసుక్కోనివ్వండి.

మన దేశంలో అమ్మే అడాప్టర్లకు బీఐఎస్ రిజిస్ట్రేషన్ తప్పనిసరి. ఐఎస్ఐ మార్కులాంటి గుర్తు, దానితోపాటు 'ఆర్' అక్షరంతో మొదలయ్యే నంబరు ఉంటాయి. గుర్తును ఎవరైనా అచ్చేసుకోవచ్చు. అందుకే ఆ నంబరును బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూడండి. కంపెనీ పేరు, వస్తువు పేరు డబ్బా మీద ఉన్నవే రావాలి. రాకపోతే ఎంత చవకైనా అక్కడే వదిలేయండి.

ఇంటికొచ్చాక మూడు పిన్నుల ప్లగ్గులో లావుపాటి ఎర్తు పిన్నును విరగ్గొట్టి రెండు పిన్నుల సాకెట్లో కుక్కకండి. చార్జరును పరుపు మీద, దిండు కింద పెట్టకండి. కాస్త వెచ్చబడటం మామూలే. చెయ్యి ఆనించలేనంత కాలుతున్నా, కమురు వాసన వచ్చినా ముందు గోడ దగ్గర స్విచ్చి ఆపేయండి. రశీదు, వారంటీ కాగితం దాచారుగా, మర్నాడే ఆ దుకాణానికి వెళ్లి మార్చుకోవచ్చు.