తీసుకున్న చేయి తిరిగివ్వడం నేర్చుకోవాలి

ఇశ్రాయేలీయులకు రాజును నియమించాక వృద్ధుడైన సమూయేలు ప్రవక్త గిల్గాలులో జనం ముందు నిలబడి ఒక ప్రశ్న అడిగాడు. నేను ఎవరి ఎద్దునైనా తీసుకున్నానా, ఎవరినైనా మోసం చేశానా, ఎవరి దగ్గరైనా లంచం పుచ్చుకున్నానా, చెప్పండి, తిరిగి ఇచ్చేస్తాను అన్నాడు (1 సమూ 12:1-5). అలాంటిదేమీ లేదని జనమంతా సాక్ష్యమిచ్చారు. అడగమని ఎవరూ ఆయన్ని నిలదీయలేదు. ప్రజల సొమ్ముకు తానే జవాబుదారీనని ఆయనకు తెలుసు. క్రైస్తవ గ్రంథాలకు పురస్కారాలిచ్చే సంస్థలు ఈరోజు తమను తాము వేసుకోవాల్సిన ప్రశ్న కూడా అదే!

మంచి పుస్తకాన్ని గౌరవించడం మంచి పనే. గుర్రం జాషువా మహాకవి ‘క్రీస్తు చరిత్ర’కు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించినప్పుడు, యేసు జీవితం తెలుగు పద్యంలో ఎంత అందంగా ఒదుగుతుందో లోకానికి తెలిసింది. అమెరికాలో ఎవాంజెలికల్ క్రైస్తవ ప్రచురణకర్తల సంఘం 1978 నుంచి ఏటా గ్రంథ పురస్కారాలిస్తోంది. అయితే ఇలాంటి పోటీల్లో చాలావాటికి పుస్తకంతో పాటు ప్రవేశ రుసుం కూడా పంపాలి. నిర్వహణకు ఖర్చవుతుంది కనుక రుసుం తీసుకోవడం తప్పు కాదు. కానీ ఆ రుసుం కట్టేదెవరు? గుంతకల్లు చుట్టుపక్కల వానను నమ్ముకుని వేరుశనగ వేసే పల్లెల్లో, అప్పు చేసి తన సాక్ష్యాన్నో పాటలనో అచ్చు వేయించుకున్న సువార్తికుడికి ఆ రుసుం చిన్న మొత్తం కాదు. అందుకే ‘ఎట్టి పరిస్థితుల్లోనూ రుసుం వాపసు ఇవ్వబడదు’ అన్న ఒక్క వాక్యంతో నిర్వాహకులు చేతులు దులుపుకోకూడదు.

రైల్వే జంక్షనైన మన ఊళ్లో ఈ న్యాయం ఎవరికీ కొత్త కాదు. రైలును రైల్వేయే రద్దు చేస్తే ఛార్జీ మొత్తం వాపసు వస్తుంది. రైలు 3 గంటలకు మించి ఆలస్యమైతే, ప్రయాణం మానుకుని అది బయల్దేరేలోగా దరఖాస్తు చేసినా మొత్తం వస్తుంది. ప్రయాణికుడే మనసు మార్చుకుంటే కోత పడుతుంది. ఆలస్యం చేసేకొద్దీ కోత పెరుగుతుంది. తప్పు ఎవరిదో దాన్నిబట్టి నష్టం ఎవరిదో తేలుతుంది. ఏ సందర్భంలో ఎంత కోతో ముందే రాసి ఉంటుంది కనుక తగాదాకు తావు తక్కువ. పురస్కారాల్లోనూ అంతే. పోటీ రద్దయినా, రచయిత పంపిన విభాగాన్నే ఎత్తేసినా, పుస్తకాన్ని న్యాయనిర్ణేతలు అసలు చదవకపోయినా రుసుం పూర్తిగా తిరిగివ్వాలి. పరిశీలన మొదలుకాక ముందే రచయిత విరమించుకుంటే ఖర్చు మినహాయించుకుని మిగతాది ఇవ్వాలి. పుస్తకాన్ని చదివి, ఇతరులతో పోల్చి చూశాక బహుమతి రాలేదంటే మాత్రం రచయిత డబ్బు అడగకూడదు. ఆయన రుసుం కట్టింది పరిశీలన కోసమే తప్ప బహుమతి కోసం కాదు. రుసుం కట్టిన వారందరికీ బహుమతి వస్తే దాన్ని పురస్కారమనరు, అమ్మకమంటారు.

మరి వివాదం వస్తే? ‘విశ్వాసులు కోర్టుకెక్కకూడదని పౌలు చెప్పాడు కదా’ అంటూ నష్టపోయిన వాడి నోరు మూయించేవాళ్లు మనలో ఉన్నారు. ఆ అధ్యాయాన్ని చివరిదాకా చదవాలి (1 కొరింథీ 6:1-8). సహోదరుల మధ్య తీర్పు తీర్చగల బుద్ధిమంతుడు మీలో ఒక్కడైనా లేడా అని పౌలు సంఘాన్ని సిగ్గుపరిచాడు. ఆ వెంటనే, సహోదరులనే మోసం చేస్తున్న వాళ్లను గట్టిగా గద్దించాడు. అంటే ఆ వాక్యం మోసానికి రక్షణ కవచం కాదు, న్యాయమైన వేదికను ఏర్పాటు చేసుకోమనే ఆజ్ఞ! యేసుప్రభువు దానికి మెట్లు కూడా చూపించాడు (మత్తయి 18:15-17). ముందు ఇద్దరూ ముఖాముఖి మాట్లాడుకోవాలి. కుదరకపోతే ఇద్దరు ముగ్గురు సాక్షులుండాలి. అప్పటికీ తేలకపోతే సంఘం వినాలి. పురస్కార సంస్థ కూడా అలాగే ఫిర్యాదుకు గడువు పెట్టి, రాతపూర్వకంగా జవాబివ్వాలి. మొదట తీర్పు చెప్పిన న్యాయనిర్ణేతలకు కాక, ఆ పోటీతో సంబంధం లేని వాళ్లకు అప్పీలు అప్పగించాలి.

సంఘం వినకపోతే దేశంలో చట్టముంది. 2020 జూలై 20న అమల్లోకి వచ్చిన వినియోగదారుల రక్షణ చట్టం, లోపమున్న సేవకు తీసుకున్న సొమ్మును బిల్లులో చెప్పిన గడువులో, గడువు చెప్పకపోతే 30 రోజుల్లో తిరిగివ్వకపోవడాన్ని అనుచిత వ్యాపార పద్ధతిగా లెక్కగడుతోంది. సంస్థ ఏ నగరంలో ఉన్నా ఫిర్యాదుదారు తన జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు. 5 లక్షల రూపాయల లోపు వ్యవహారానికి ఫిర్యాదు రుసుం లేదు. మధ్యవర్తిత్వానికీ అందులో చోటుంది. ఫలానా పురస్కారం ఈ చట్టం కిందకు వస్తుందా అన్నది కేసును బట్టి కమిషన్ తేలుస్తుంది. కానీ కమిషన్ చెప్పేదాకా ఆగడం విశ్వాసికి తగునా? అన్యాయంగా ఉంచుకున్న సొమ్మును ఐదో వంతు కలిపి తిరిగివ్వమని మోషే ధర్మశాస్త్రం చెప్పింది (లేవీ 6:1-5). జక్కయ్య నాలుగంతలు ఇస్తానన్నాడు (లూకా 19:8). అతడి ఇంటికి రక్షణ వచ్చిందని ప్రభువు ప్రకటించింది ఆ మాట విన్నాకే.

యెరూషలేములోని పేదల కోసం చందా పోగైనప్పుడు పౌలు దాన్ని ఒంటరిగా మోసుకెళ్లలేదు. సంఘాలు నమ్మిన మనుషులను తోడు తీసుకున్నాడు. దేవుని దృష్టిలోనే కాదు, మనుషుల దృష్టిలోనూ ఆ సొమ్ము విషయంలో నిందకు చోటుండకూడదనుకున్నాడు (2 కొరింథీ 8:18-21). క్రీస్తు పేరిట రుసుం తీసుకునే ఏ సంస్థ అయినా ఆ జాగ్రత్తే పాటించాలి. వాపసు నియమం, ఫిర్యాదు విధానం, న్యాయనిర్ణేతల అర్హతలు దరఖాస్తు మీదే తేట తెలుగులో అచ్చు వేయాలి. పంపే రచయితలు కూడా ముందు అవి చదివి, రసీదు తీసుకుని ఆ తర్వాతే డబ్బు కట్టాలి. శాలువా కప్పించుకున్న రచయితకే కాదు, బహుమతి రాక ఇంటికెళ్లిన రచయితకు కూడా నాకు న్యాయం జరిగిందని అనిపించాలి. అప్పుడే ఆ పురస్కారం మీద క్రీస్తు పేరు నిలుస్తుంది.