కంటిజబ్బు మందు – చలిజ్వరము

కంటిచూపును హరించు ట్రకోమా వ్యాధిని నిర్మూలింపనెంచి ఆఫ్రికా పల్లెలలో రోగి, అరోగి అను వివక్ష లేక ఊరివారందఱకును ఒక్కమారుగా పంచిపెట్టిన అజిత్రోమైసిన్ అను మందు, తనకు అప్పగింపని మఱియొక పనిని, అనగా నెత్తుటిలోని మలేరియా క్రిములను అణచు పనినిగూడ కొంతవఱకు చేయుచున్నదని గత శతాబ్ది చివరి దశకమున గాంబియాలోను, తరువాత టాంజానియాలోను పరిశోధకులు గమనించిరి.

బాక్టీరియాలను చంపుటకు పుట్టిన మందు, బాక్టీరియా కాని ఈ క్రిమిని ఎట్లు తాకును? పురాతనకాలమున దాని పూర్వికులు మ్రింగిన ఒకానొక శైవలమునుండి సంక్రమించినదియు, ఆకులందలి హరితరేణువునకు జ్ఞాతియు నగు ఎపికోప్లాస్ట్ అను చిన్న అంగము దాని కణమునందు నేటికిని మిగిలియున్నది. అందు మాంసకృత్తులను తయారుచేయు యంత్రాంగము బాక్టీరియాలదానిని బోలియుండుటచే మందు అచ్చట తగులుకొనును. విచిత్రమేమనగా, మందు సోకిన క్రిమి వెంటనే చావదు; దాని సంతతి, ఆ అంగము చెడినదై, మఱుసటి ఆవృత్తిలో నశించును. భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు లెడర్లీ పరిశోధనాలయమునకు సారథ్యము వహించుచుండగా 1948లో వెలువడిన ఆరియోమైసిన్ కుటుంబపు మందులును ఈ త్రోవనే మలేరియాపై పనిచేయుట తెలుగువారు స్మరింపదగిన ముచ్చట.

అంతమాత్రమున అజిత్రోమైసిన్‌ను మలేరియా మందుగా నెంచి ఊరూర పంచవలెననువారితో నేను ఏకీభవింపజాలను. టాంజానియాలో కనబడిన తగ్గుదల స్వల్పకాలికము. బుర్కినా ఫాసో, మాలీ దేశములలో 2014 మొదలు వానకాలమున పిల్లలకిచ్చు మలేరియా నివారక మాత్రలకు దీనిని జోడించి చూడగా, మరణములుగాని ఆసుపత్రి చేరికలుగాని తగ్గలేదు.

మఱి ఈ పంపకము వ్యర్థమా? కాదు. నైజర్, మలావి, టాంజానియా దేశములలో నెల నిండిన పసికందు మొదలు అయిదేండ్లలోపు పిల్లలకు ఆఱునెలల కొకమారు ఒక్క మోతాదు చొప్పున ఇచ్చిన మోర్డార్ పరీక్షలో మరణములు మొత్తముమీద 13.5 శాతము, నైజర్‌లోనైతే 18.1 శాతము తగ్గినవని 2018లో ప్రకటించిరి. న్యుమోనియా, అతిసారము, మలేరియా మూడును కలిసి పసివారిని పొట్టబెట్టుకొను చోట ఇది అల్పఫలము కాదు. అయితే వెల లేక వచ్చినదియు కాదు: మందు నాలుగేండ్లు అందుకొనిన నైజర్ పల్లెల పిల్లల ప్రేవులలో, ఆ జాతి మందులకు లొంగని జన్యువులు తక్కిన పల్లెలకంటె ఏడున్నర రెట్లు పెరిగినవి. శిశుమరణములు వేయింటికి 60 దాటిన సహారాకు దక్షిణదిశ దేశములందు, అదియు ఏడాది లోపు శిశువులకే ఈ పద్ధతిని పరిమితము చేయుచు 2020లో ప్రపంచ ఆరోగ్యసంస్థ గీచిన హద్దు నా దృష్టిలో న్యాయమైనది.

మన దేశము ఆ హద్దునకు వెలుపల నున్నది. ట్రకోమాను ప్రజారోగ్య సమస్యగా రూపుమాపినట్లు 2024లో గుర్తింపును బడసినది. మన మన్యమునకు కావలసినవి దోమతెర, జ్వరము సోకిన వెంటనే రక్తపరీక్ష, పూర్తి మోతాదు మలేరియా మందు. పట్టణవాసులగు పాఠకులకు నా మనవి వేఱొకటి: జలుబు చేసినంతనే వైద్యుని చీటి లేక అజిత్రోమైసిన్ కొని మ్రింగకుడు.