కాగితపు నాటకశాల: ఆడుటకా, అలంకరించుటకా?

బల్లపై నిలుపదగినంత చిన్న రంగస్థలము. అట్టముక్కల కంటించిన కాగితపు బొమ్మలే నటులు. వెనుక నిలిచిన బాలుడో బాలికయో వారి నందఱిని నడపుచు, అందఱి మాటలను తానే పలుకును. ఇంగ్లండు దేశమున వర్ధిల్లిన యీ చిన్న కళను గూర్చి రెండభిప్రాయములు కలవు. బొమ్మలకు రంగులు వేసి, కత్తిరించి, చూచుకొనుటలోనే దీని యానందమంతయు నున్నదని కొందఱందురు. ఆడని నాటకశాల వట్టి పెట్టె మాత్రమే యని నా యభిప్రాయము.

1811 ప్రాంతమున లండను నగరములో విలియం వెస్టు మొదలగు ముద్రాపకులు, ఆ నగరమున ఆడుచుండిన నాటకములలోని పాత్రలను, తెరలను కాగితములపై నచ్చువేసి అమ్మసాగిరి. రంగు వేయని కాగితము వెల ఒక పెన్నీ. రంగు వేసినది రెండు పెన్నీలు. సంభాషణములతో గూడిన చిన్న పుస్తకములును వెలువడెను. పిల్లలు ఆ బొమ్మలను కత్తిరించి, తీగకాడల కమర్చి, రంగస్థలపు ప్రక్కలనుండి లోనికి త్రోయుచుండిరి. 1813లో కావెంటు గార్డెను నాటకశాలలో ప్రదర్శింపబడిన "ది మిల్లరు అండ్ హిజ్ మెన్" అను నాటకము వారికి మిక్కిలి ప్రియమైనది. ఏలయన, దాని చివర దొంగలకు నిలయమైన పిండిమర పెద్ద చప్పుడుతో పేలిపోవును!

ప్రసిద్ధ రచయితయగు రాబర్టు లూయీ స్టీవెన్సను 1884లో తన బాల్యమునాటి యీ కాగితములను గూర్చి యొక వ్యాసము వ్రాసెను. రంగులు వేయునంతవఱకే వాని యందలి ముచ్చట యనియు, ఆడబోయినచో విసుగు పుట్టుననియు ఆయన తలంపు. అంతటి వాని మాటను త్రోసిపుచ్చుట సాహసమే. అయినను ఆ విసుగునకు కారణము కళ కాదు, ఆడిన తీరు. ఆ చిన్న పుస్తకములలోని మాటలు పెద్ద రంగస్థలమునకై వ్రాసిన నాటకములనుండి వచ్చినవి. కన్నులు త్రిప్పుచు, చేతులాడించుచు నటుడు చెప్పదగిన దీర్ఘభాషణమును, కదలని కాగితపు బొమ్మచేత చెప్పించినచో ఎవ్వరు సహింతురు?

మన తోలుబొమ్మకు కీళ్లు కలవు. అది చేయెత్తును, తల యూపును. ఈ కాగితపు బొమ్మ కట్టి సౌకర్యము సాధారణముగా లేదు. కావున దీనిని ఆడించువాడు మూడు సంగతులు నేర్వవలెను. మొదటిది: మాటలాడు బొమ్మను మాత్రమే కొంచెము కదల్పవలెను, తక్కినవి నిశ్చలముగ నుండవలెను. అట్లు కానిచో ఎవరు పలుకుచున్నారో ప్రేక్షకులకు తెలియదు. రెండవది: మాటలు తగ్గింపవలెను. కన్నులకు గనబడు దానిని నోటితో చెప్పనక్కఱలేదు. మూడవది: ఒకే పాత్రకు నిలుచున్నట్లును, కత్తి దూసినట్లును వేఱువేఱు బొమ్మలుండును, వానిని ఏ ఘట్టమున మార్చవలయునో ముందుగనే క్రమపఱచుకొనవలెను. ఇవి పలుమాఱులు అభ్యసించిననే గాని అలవడవు.

ఇట్లభ్యసించినచో పెద్దలును ఆసక్తితో చూతురనుటకు నిదర్శనము కలదు. జర్మనీ దేశమునందలి ప్రేట్సు అను చిన్న పట్టణములో 1988లో కాగితపు నాటకముల సమ్మేళన మొకటి ప్రారంభమయ్యెను. పలుదేశముల ప్రదర్శకులు తమ చిన్న రంగస్థలములతో అచ్చట చేరి నాటకము లాడిరి. బొమ్మలు చిన్నవి గనుక ప్రేక్షకులు కొలదిమందియే యుండి దగ్గఱగ కూర్చుండవలెను. ఈ సామీప్యము లోపము కాదు; గుసగుసయు చెవికి సోకు నాటకశాల మఱెక్కడ దొరకును?

ఇది కాలహరణమని తల్లిదండ్రులు శంకింపవచ్చును. చేతిలోని ఫోనులో కోరిన నాటకమెల్ల కనబడుచుండగా ఈ అట్టపెట్టె యేలయని విద్యార్థులును అడుగవచ్చును. ఫోనునందు బాలుడు చూచువాడు మాత్రమే, ఇచ్చట చూపువాడు. రాజునకొక గొంతు, దొంగకొక గొంతు, ముసలమ్మకొక గొంతు తానే యీయవలెను. సభలో నిలిచి నోరు మెదపలేని పిరికి పిల్లవాడును తెరచాటున నున్నపుడు ధైర్యముగ పలుకగలడు. తన ముఖమును ఎవ్వరును చూడరు గదా! ఉపాధ్యాయులు ఈ యొక్క లాభమును తలంచినను చాలును. ఇక నగ్నిభయమందురా, పూర్వము కాగితముల నడుమ నూనెదీపములు వెలిగించుట ప్రమాదకరమే. నేడు బ్యాటరీతో వెలుగు చిన్న దీపములున్నవి.

కత్తిరింపని పాత కాగితములను సేకరించి భద్రపఱచువారిని నేను నిందింపను. వారు లేనిచో ఆ చిత్రములు మనకు దక్కియుండవు. కాని భద్రపఱచుట వేఱు, బ్రదికించుట వేఱు. పిల్లలు కత్తిరించి, రంగులు పూసి, ఆడియాడి చింపివేసిన కాగితములే ఈ కళను నిలిపినవి. విద్యార్థులారా! ఒక అట్టపెట్టె, ఆఱు బొమ్మలు, నాలుగు రంగములు, పదునైదు నిమిషములకు మించని కథ: ఇంతకన్న నక్కఱలేదు. రంగులు కొంచెము తక్కువైనను చింతలేదు. తెర మాత్రము తప్పక ఎత్తుడు.