రోగి మంచం వద్ద రాజ్యాంగం

ఆసుపత్రిలో చేరిన రోగికి వైద్యుడు రోజులో కొద్ది నిమిషాలు మాత్రమే కనిపిస్తాడు. వేళకు మందు ఇచ్చేది, సెలైన్ మార్చేది, నడిరాత్రి మూలుగు విని లేచి వచ్చేది నర్సు. ప్రజారోగ్య వ్యవస్థ పౌరులందరినీ సమానంగా చూస్తున్నదా లేదా అన్న ప్రశ్నకు తుది సమాధానం ఆ వార్డులోనే లభిస్తుంది.

1992లో పశ్చిమ బెంగాల్‌లో ఒక వ్యవసాయ కూలీ రైలు నుంచి పడి తలకు తీవ్ర గాయమైంది. ఒకదాని తరువాత ఒకటిగా ప్రభుత్వ ఆసుపత్రులు పడక లేదనీ, సౌకర్యం లేదనీ అతనిని తిప్పి పంపాయి. చివరకు అతడు ప్రైవేటు ఆసుపత్రిలో సొమ్ము చెల్లించి ప్రాణం దక్కించుకున్నాడు. ఆ వివాదంలో 1996లో తీర్పు చెబుతూ, అత్యవసర వైద్యం నిరాకరించడం 21వ అధికరణ హామీ ఇచ్చిన జీవించే హక్కును ఉల్లంఘించడమేనని సుప్రీంకోర్టు ప్రకటించింది. నిధుల కొరత సాకు కాజాలదని కూడా స్పష్టం చేసింది.

ఈ హక్కును మంచం వరకు చేర్చేది వృత్తి నైతికత. కులం, మతం, సంస్కృతి, లింగం, ఆర్థిక స్థితి చూడకుండా సేవ చేయాలని భారత నర్సింగ్ కౌన్సిల్ నైతిక నియమావళి నిర్దేశిస్తున్నది. జాతీయ మానవ హక్కుల కమిషన్ రూపొందించిన రోగుల హక్కుల పత్రం మతప్రాతిపదికన వివక్షను నిషేధిస్తున్నది. మహిళా రోగిని పురుష వైద్యుడు పరీక్షించేటప్పుడు మరొక మహిళ దగ్గర ఉండాలన్నది కూడా అందులోని హక్కే. పరదా పాటించే మన తల్లులు, అక్కచెల్లెళ్లు దానిని ఎవరో చూపిన దయగా భావించనక్కరలేదు, నిస్సంకోచంగా అడగవచ్చు.

ఈ నియమాల విలువ ఎంతటిదో 2020 మనకు నేర్పింది. నిజాముద్దీన్ సమావేశాన్ని సాకుగా తీసుకొని కరోనాను ఒక మతానికి అంటగట్టే ప్రచారం సాగింది. విదేశీ తబ్లీగీ సభ్యులపై కేసులను కొట్టివేస్తూ, వారిని బలిపశువులను చేశారని బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ ధర్మాసనం అదే ఏడాది ఆగస్టులో వ్యాఖ్యానించింది. బయట అంతటి విషం వ్యాపించినప్పుడు వార్డు గుమ్మం వద్ద దానిని ఆపగలిగేది వృత్తిధర్మం ఒక్కటే. ప్రాణభయాన్ని దిగమింగి ఆ రోజుల్లో రోగుల పేర్లు చూడక సేవ చేసిన నర్సులకు ఈ సమాజం ఋణపడి ఉన్నది.

అయితే నర్సుకు న్యాయం చేయని వ్యవస్థ రోగికి న్యాయం చేయలేదు. బోధనాసుపత్రి సాధారణ వార్డులో ముగ్గురు రోగులకు ఒక నర్సు, ఇతర ఆసుపత్రులలో ఐదుగురికి ఒకరు ఉండాలన్నది కౌన్సిల్ ప్రమాణం. మన పెద్దాసుపత్రులలో ఒక్క రాత్రి గడిపిన వారికి అసలు పరిస్థితి చెప్పనక్కరలేదు. ప్రైవేటు రంగంలో యాభై పడకల లోపు ఆసుపత్రులలో సైతం నర్సు వేతనం నెలకు 20,000 రూపాయలకు తగ్గరాదని, సుప్రీంకోర్టు ఆదేశంపై ఏర్పడిన కమిటీ 2016లో సిఫారసు చేసింది. అమలు బాధ్యతను రాష్ట్రాలకు అప్పగించారు. సిఫారసు చట్టం కాకపోవడంతో నేటికీ అంతకన్న తక్కువకు చాకిరీ చేస్తున్నవారు ఉన్నారు. అలసిన చేతులతో, ఆకలి జీతంతో కరుణను కోరడం అన్యాయం.

1947 నాటి నర్సింగ్ కౌన్సిల్ చట్టం స్థానంలో 2023లో పార్లమెంటు జాతీయ నర్సింగ్, మిడ్‌వైఫరీ కమిషన్ చట్టాన్ని ఆమోదించింది. వృత్తి ప్రవర్తనను పర్యవేక్షించేందుకు, జాతీయ రిజిస్టరును నిర్వహించేందుకు ఇందులో నైతికత, రిజిస్ట్రేషన్ బోర్డు ఉన్నది. రాష్ట్రాలలోనూ కమిషన్లు ఏర్పడాలి. ఆరోగ్యం రాష్ట్ర జాబితాలోని అంశం గనుక మన రెండు తెలుగు ప్రభుత్వాలు కేంద్రం వైపు వేలు చూపి తప్పించుకోజాలవు.

అందువల్ల మన కోర్కెలు మూడు. రోగుల హక్కుల పత్రాన్ని ప్రతి ఆసుపత్రిలో తెలుగులోను, ఉర్దూలోను గోడపై ప్రదర్శించాలి. వివక్షపై ఫిర్యాదును నిర్ణీత గడువులో విచారించే ఏర్పాటు ఉండాలి. ఖాళీగా ఉన్న నర్సు పోస్టులను శాశ్వత ప్రాతిపదికన నింపాలి. కార్యకర్తలు తమ జిల్లా ఆసుపత్రిలో వీటి స్థితిని కనుగొని, లిఖితపూర్వకంగా అర్జీ పెట్టాలి.

కోర్కెలతో పాటు మన కర్తవ్యం కూడా ఉన్నది. నర్సింగ్ మన ఆడపిల్లలకు తగదని పెదవి విరిచే పెద్దలు ఇంకా కొందరున్నారు. కందక యుద్ధంలో గాయపడిన సాద్ బిన్ ముఆజ్‌ను చికిత్స కోసం చేర్చినది మదీనా మసీదు వద్ద రుఫైదా అనే మహిళ నడిపిన గుడారంలోనే. ఆ వారసత్వం గల సముదాయం తన కుమార్తెలను ఈ వృత్తికి పంపడానికి సంకోచించరాదు. మన బిడ్డ ఏ మతం వారి మంచం పక్కన నిలబడినా, ఆ రోగికి ఆమె చేయి తోడబుట్టిన దాని చేయిలా తోచాలి. మనం ఇతరుల నుంచి కోరుతున్న న్యాయం కూడా అంతే.